బాయిలర్ గోడ మీద మూడు బొట్లు

ప్లాంటులో నన్ను వెనక ‘తుప్పు మేడం’ అనేవాళ్ళు. ఎదురుపడితే మొదటి మాట మింగేసి ‘మేడం’ ఒక్కటే మిగిల్చేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలియదనుకునేవాళ్ళు. ఇనుమును తుప్పు ఎక్కడ తింటోందో వెతకడమే నా ఉద్యోగం కాబట్టి, పేరు పెట్టినవాణ్ణి తప్పుపట్టలేను. కాకపోతే ఒక మనిషికి పెట్టాల్సిన పేరేనా ఇది అని అప్పుడప్పుడూ ఒళ్ళు మండేది.

ఈమధ్య ఖమ్మంలో ఒక డిప్లొమా కాలేజీవాళ్ళు పిలిచి, పిల్లలకు మీ సర్వీసు అనుభవాలు చెప్పండమ్మా అన్నారు. వెళ్ళాను. హెల్మెట్ పెట్టుకోండి, సెల్లు చూసుకుంటూ మెట్లెక్కకండి అని నాలుగు ముక్కలు చెప్పి, శాలువా కప్పించుకుని వచ్చాను. బస్సులో కూర్చున్నాక అనిపించింది, అసలు చెప్పాల్సింది చెప్పకుండానే వచ్చేశానని. అది ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయను. వాళ్ళలో కొందరు ఇంకా అదే పని చేసుకుని బతుకుతున్నారు.

మాది మణుగూరు దాటాక అడవి రోడ్డు పక్కన ఉన్న చిన్న ప్రైవేటు కరెంటు ప్లాంటు. రెండు బాయిలర్లు, ఒక పొగగొట్టం, వెనక కాలనీ. కాలనీ గోడ దాటితే అడవి. నేను చేరిన తర్వాత యజమానులు మారారు, గేటు మీద బోర్డు మారింది, మనుషుల మీద కేకలు వేసే పద్ధతి మాత్రం మారలేదు. మొదట్లో బొగ్గు ఒక్కటే కాల్చేవాళ్ళం. ఖర్చు తగ్గుతుందని తర్వాత వరిపొట్టు, పత్తికట్టె, మిరపకట్టె కలపడం మొదలుపెట్టారు. తల్లాడ వైపు నుంచి ట్రాక్టర్లలో వచ్చేది. మిరపకట్టె దించిన రోజు మేనేజరు నుంచి స్వీపరు దాకా అందరం ఒకటే తుమ్ములు. మాది తల్లాడే కాబట్టి, ‘మీ ఊరోళ్ళు మమ్మల్ని సంపుతున్నరు మేడం’ అని నన్ను ఏడిపించేవాళ్ళు.

తుమ్ములతో పోతే బాగుండేది. పొలంలో వేసిన పొటాషు, నేలలోని ఉప్పు ఆ కట్టెలోకి ఎక్కి ఉంటాయి. మంటలో ఆవిరై, వేడి ఇనుము మీద పేరుకుని దాన్ని తినేస్తాయి. మామూలు తుప్పుకు తడి కావాలి. దీనికి వేడి చాలు. బాయిలర్ లోపలి గోడ అంటే ఇటుకల గోడ అనుకోకండి. పక్కపక్కనే నిలబెట్టిన ఇనుప గొట్టాల వరస అది. గొట్టాల లోపల నీళ్ళు, బయట మంట. గొట్టం పలచబడి చిల్లి పడిందంటే బాయిలర్ ఆపాల్సిందే. ఆపితే కరెంటు లేదు, కరెంటు లేకపోతే పైనుంచి ఫోన్లు. అందుకని బాయిలర్ సరిగ్గా చల్లారకముందే తడి గోనెసంచులు కప్పుకుని మనుషులు లోపలికి దూరి వెల్డింగ్ చేసేవాళ్ళు. అలా దూరిన మా వెల్డరు ఒకాయనకు రెండు చేతులూ కాలాయి. పైచర్మం వచ్చింది కానీ వేళ్ళు ముడుచుకోవు. ఆయన్ను తీసేయకుండా గేటు దగ్గర కాపలాకు వేశారు. దాన్ని మావాళ్ళు దయ అన్నారు.

ఆ చేతులు చూశాకే నేను పూత గురించి పట్టుబట్టాను. గొట్టాల మీద నికెల్, క్రోమియం కలిసిన లోహాన్ని కరిగించి స్ప్రే చేయడం. పద్ధతి వినడానికి సులువే. ముందు గరుకు రవ్వను గాలితో గోడ మీద కొడతారు. పాత తుప్పంతా రాలిపోయి, ఇనుము లేత బూడిద రంగులో గరగరలాడుతూ బయటపడుతుంది. తర్వాత స్ప్రే గన్‌లోంచి రెండు లోహపు తీగలు వచ్చి, కొసలు కలిసిన చోట కరెంటుకు కరుగుతాయి. వెనక నుంచి గాలి తంతే ఆ కరిగిన తుంపర పోయి గోడకు అతుక్కుంటుంది. పూత గోరంత మందం కూడా ఉండదు. అయినా మంట తగిలితే అందులోని క్రోమియం తన మీద తానే ఒక పొర కట్టుకుంటుంది. ఆ పొర దాటి ఉప్పు లోపలికి పోలేదు.

అయితే ఈ పూత వెల్డింగులా ఇనుములో కలిసిపోదు. గరుకును పట్టుకుని నిలబడుతుంది, అంతే. ఆ గరుకు మీద చెమట చెయ్యి పడినా, నూనె చుక్క తగిలినా అక్కడ దానికి పట్టు దొరకదు. పైకి చూస్తే ఏమీ తెలియదు. మంట పెట్టాకే తెలుస్తుంది.

పై వాళ్ళను ఒప్పించడానికి నా చెప్పులరిగాయి. చివరికి, ముందు ఒక బాయిలర్‌కు చేసి చూద్దాం, బాగుంటే రెండోదానికీ చేయిద్దాం అన్నారు.

స్ప్రే చేయడానికి ఒక కాంట్రాక్టు గుంపు వచ్చింది. వాళ్ళకు మేస్త్రీ బోనకల్ మనిషి. నాకంటే కొంచెం పెద్దవాడు, సన్నటి మనిషి, గన్ పట్టుకుంటే మాత్రం భుజం కదిలేది కాదు. రవ్వ కొట్టిన గోడ దగ్గరికి ఉతికిన గుడ్డ తొడుగులు లేకుండా వచ్చినవాణ్ణి బయటికి నెట్టేవాడు. ‘నీ చేతికి ఉన్న జిడ్డుతోటి పూరీలు కాల్చుకోవచ్చు, పో అవతలికి’ అనేవాడు. నా పెరుగన్నం డబ్బా చూసి, ‘మళ్ళ గదేనా మేడం? మీకు నోట్లె నాలిక లేదా ఏంది’ అని తన డబ్బాలోని పచ్చిపులుసు మూతలో వంచి నా పక్కన పెట్టేవాడు. ఆ ప్లాంటులో నా డబ్బాలో ఏముందో చూసిన మనిషి ఆయన ఒక్కడే.

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పాలి. నా భర్త మణుగూరులో ఒక ఆఫీసులో పనిచేసేవాడు. పెళ్ళయిన కొత్తలోనే మలేరియా మెదడుకెక్కి, భద్రాచలం దవాఖానాలో చేర్చిన రెండోనాడే పోయాడు. పిల్లలు లేరు. ఆ తర్వాత కాలనీలో పేరంటాలకు పిలుపులు ఆగిపోయాయి. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. పక్క క్వార్టర్‌లో బొట్టు పెట్టి పిలిచిన ఆడవాళ్ళు మా గుమ్మం ముందుకు వచ్చేసరికి మాటలు తగ్గించి నడక పెంచేవాళ్ళు, అంతే. నేనూ బొట్టు పెట్టుకోవడం మానేశాను. ఎవరో మానమన్నారని కాదు, పెట్టుకుంటే ఎవరేమంటారో చూసే ఓపిక లేక. ఆదివారం సంతలో కోయ ఆడవాళ్ళ దగ్గర చింతపండు కొని, వాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకుంటుంటే పక్కనే నిలబడి వినేదాన్ని. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. వారం మొత్తంలో నేను అంతసేపు విన్న మనుషుల ముచ్చట్లు అవే.

సరే. ఆ రోజు రవ్వ కొట్టడం అయిపోయింది. గోడంతా శుభ్రంగా, ఏ మచ్చా లేకుండా ఉంది. ఇక స్ప్రే మొదలుపెట్టాలి. మన దగ్గర బోరు వేసినా, లారీ కొన్నా, క్రేన్ తెచ్చినా కొబ్బరికాయ కొట్టకుండా పని మొదలుకాదు. బాయిలర్‌లోకి దూరే మ్యాన్‌హోల్ దగ్గర, లోపలి పరంజా మొదటి చెక్క మీద, చిన్న దీపం వెలిగించారు. అగరుబత్తీలు, పసుపు, కుంకుమ. కొబ్బరికాయ బయట కొట్టి వచ్చారు. మేస్త్రీ కుంకుమ పళ్ళెం నా ముందుకు చాపాడు.

“ఫస్టు బొట్టు మీరే పెట్టాలె మేడం, గోడకు.”

“వద్దు. గోడను ఎవ్వరూ ముట్టద్దు,” అన్నాను.

“ఒక్క బొట్టే. ఈ పని తెచ్చింది మీరు. మీ చెయ్యి పడాలె గద.”

“వద్దన్నా కదా మేస్త్రీ.”

అంతే. మేస్త్రీ నా నుదుటి వైపు చూసి, వెంటనే చూపు దించుకున్నాడు. పళ్ళెం వెనక్కి తీసుకున్నాడు. వాళ్ళు ఏమనుకున్నారో నాకు అర్థమైంది. భర్త పోయిన మనిషిని కుంకుమ ముట్టమని ఇబ్బంది పెట్టామే అనుకున్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను అన్నది గోడకు జిడ్డు తగులుతుందని. కానీ అది విప్పి చెప్పాలంటే నా నుదుటి సంగతి అందరి ముందూ ఎత్తాలి. ఎత్తలేక, కంప్రెసర్ గాలిలో తడి ఉందేమో చూసొస్తానని బయటికి వెళ్ళిపోయాను. వచ్చేసరికి గన్ మోగుతోంది. మ్యాన్‌హోల్ పక్క భాగం అప్పటికే పూత కిందికి వెళ్ళిపోయింది.

పిల్లలూ, మీకు ఒకటి చెబుతాను. వద్దు అన్నప్పుడు ఎందుకు వద్దో కూడా చెప్పండి. ఎంత సిగ్గేసినా చెప్పండి. మీరు చెప్పని కారణాన్ని ఎదుటివాళ్ళు తమకు తోచినట్టు పూరిస్తారు. మంచివాళ్ళైతే మరీ మంచిగా పూరిస్తారు. దానితోనే వస్తుంది చిక్కు.

పూత పూర్తయింది, బాయిలర్ వెలిగించారు. వానాకాలం గడిచింది, చలికాలం గడిచింది, గోడ నుంచి ఒక్క చుక్క కారలేదు. వెల్డర్లు నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. మేనేజరు గారు ఒక మీటింగులో నన్ను ‘మన మెటలర్జీ మేడం’ అన్నారు. తుప్పు నుంచి మెటలర్జీకి ఎదిగానన్నమాట. రెండో బాయిలర్‌కు పూత వేయడానికి అదే గుంపును, అదే మేస్త్రీని పిలిపించారు. వాళ్ళు సామాను దించుతున్న రోజుల్లోనే మొదటి బాయిలర్ గోడ చిల్లిపడింది.

అందరికంటే ముందు నేనే లోపలికి వెళ్ళాను. చల్లారిన బాయిలర్ లోపల ఎలా ఉంటుందో తెలుసా? బయట అంత రొద, లోపల మన ఊపిరి మనకే వినిపిస్తుంది. టార్చి వేసుకుని గోడ పొడవునా చూసుకుంటూ వచ్చాను. పూత ఎక్కడా చెక్కుచెదరలేదు. సుత్తితో తడితే గట్టిగా పలికింది. మ్యాన్‌హోల్ పక్కకు వచ్చాక ఆగిపోయాను. పక్కపక్క గొట్టాలు మూడింటి మీద, ఒకే ఎత్తులో, గుండ్రటి మచ్చలు. మధ్యది చిల్లిపడింది. అటూ ఇటూ ఉన్న రెండింటి మీద రూపాయి బిళ్ళంత మేర పూత లేచి ఉంది. గోరు తగిలిస్తే రాలిపోయింది. కింద ఇనుము గుంట పడి ఉంది.

మంట ఏదైనా తింటే అడ్డదిడ్డంగా తింటుంది. ఇలా వరసలో, సమాన దూరంలో, నిలబడ్డ మనిషి చెయ్యి అందే ఎత్తులో తినదు. పరంజా చెక్క మీద కూర్చున్నాను.

మేస్త్రీ వెనకాలే దూరి వచ్చాడు. “ఏంది మేడం? ఏమైంది?”

నేను టార్చి ఆ మూడు మచ్చల మీద నిలిపాను. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత నాకు కొంచెం దూరంలో కూర్చున్నాడు.

“నేనే మేడం.”

“మీకు తెలియదా మేస్త్రీ? అందరికీ మీరే చెబుతారు కదా, ఒట్టి చెయ్యి తగలొద్దని.”

“తెలుసు. మీరు వద్దంటిరి. నేనేమో మీరు బాధపడి అంటున్నరు అనుకున్న. ఆమె తెచ్చిన పని, ఆమె బొట్టు లేకుండ ఎట్ల మొదలుపెట్టాలె అనిపిచ్చింది. మీరు అటు పోంగనే, మీ పేరు చెప్పుకొని మూడు బొట్లు పెట్టిన. పొడి నిలుస్తలేదని ఏలు దీపం నూనెల అద్దిన.” బొటనవేలితో తన చూపుడువేలి కొస రాసుకున్నాడు. “చిన్నగనే పెట్టిన మేడం.”

“నేను బాధపడి అనలేదు మేస్త్రీ. నూనె తగులుతుందని అన్నాను.”

“అవ్. ఇప్పుడు తెలిసింది.”

నా భర్త పోయాక నా పేరు మీద ఎవరైనా ఒక శుభం తలపెట్టారంటే అది ఆ రోజే. ఆ మూడు బొట్లే గోడకు చిల్లి పెట్టాయి. దీనికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. చాలా ఏడ్చాను, క్వార్టర్‌కు వెళ్ళాక.

మర్నాటికి మీటింగు పెట్టారు. కాంట్రాక్టరు తరఫున హైదరాబాద్ నుంచి ఒక పెద్ద ఇంజనీరు వస్తున్నాడు. ఆ సాయంత్రం మేనేజరు గారు నన్ను తన గదికి పిలిచి తలుపు వేశారు.

“అమ్మా, ఎందుకీ గొడవ? మన కట్టెలకు, పొట్టుకు ఈ కోటింగు పనికిరాలేదని చెప్పెయ్యండి. ఎవరి ఉద్యోగానికీ ఇబ్బంది ఉండదు. రెండో బాయిలర్ పని ఆపేద్దాం, పాత పద్ధతిలోనే నడుపుకుందాం.”

మంచి మాటే. ఆయన చెడ్డవాడు కాదు. గొడవలంటే భయపడే మనిషి, అంతే. ఆ మాట అంటే మేస్త్రీకి ఏమీ కాదు. నిజం చెబితే ఆయన పని పోతుంది. రవ్వ కొట్టిన గోడ మీద నూనె చెయ్యి పెట్టాడని పేరు పడ్డాక స్ప్రే గన్ ఇంకెవ్వరూ చేతికివ్వరు. ఆయనకు వచ్చిన విద్య అదొక్కటే. కానీ పూత తప్పని చెబితే రెండు బాయిలర్లూ మళ్ళీ ఉప్పుకు వదిలేసినట్టే. మళ్ళీ తడి గోనెసంచులు, మళ్ళీ సగం చల్లారిన బాయిలర్‌లోకి మనుషులు. అడగడానికి ఎవరున్నారు నాకు? ఇంట్లో ఒక మనిషి ఉంటే ‘ఏం చెయ్యమంటావ్’ అని అడుగుతాం. వాళ్ళు చెప్పినట్టు చేయకపోయినా అడుగుతాం. నేను గిన్నెలు తోముకుంటూ నన్నే నేను అడిగాను.

పొద్దున గేటు దగ్గర ఆ వెల్డరు నాకు నమస్తే పెట్టాడు. రెండు చేతులూ ఎత్తాడు కానీ అరచేతులు కలవలేదు. ఎప్పుడూ కలవవు. రోజూ చూసేదే, ఆ రోజు చూడలేకపోయాను.

మీటింగులో నన్ను అడిగారు. నేను చెప్పాను. పూత బాగుంది, తీగ బాగుంది, గోడంతా గట్టిగా ఉంది. మూడు చోట్ల మాత్రం పూత వేయకముందు నూనె తగిలింది. అవి పూజలో పెట్టిన బొట్లు.

“ఎవరు పెట్టారు?” అన్నాడు హైదరాబాద్ ఇంజనీరు.

నేను బల్ల వైపు చూశాను. తలుపు దగ్గర నిలబడ్డ మేస్త్రీ గొంతు వినిపించింది.

“నేనే సార్. ముట్టద్దని మేడం చెప్పినంక పెట్టిన. మేడం తప్పు లేదు.”

ఎవరి పేరు మీద పెట్టాడో మాత్రం చెప్పలేదు. ఆ గదిలో అది తెలిసింది మా ఇద్దరికే. ఆయన దాన్ని దాచాడు, నన్ను అందరి నోళ్ళలో పడనివ్వకుండా. నేను నోరు విప్పి అదీ చెప్పి ఉంటే ఆయనకు లాభం ఉండేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పొద్దని ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అది మటుకు స్పష్టంగా చూశాను.

ఆ వారంలోనే ఆయన్ను తీసేశారు. బస్టాపు దాకా వెళ్ళాను కానీ రోడ్డుకు ఇవతలే ఉండిపోయాను. ఆయన సంచి కింద పెట్టి, నన్ను చూసి చెయ్యి ఎత్తాడు. మణుగూరు బస్సు మధ్యలోకి వచ్చి ఆగింది. అది కదిలేసరికి అక్కడ ఎవరూ లేరు.

నేను గెలిచాను. మూడు గొట్టాలు మార్చి మళ్ళీ పూత వేశారు. రెండో బాయిలర్‌కూ వేశారు. ఆ తర్వాత ఆ గోడల కోసం తడి గోనెసంచి కప్పుకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. కానీ ఆ గుంపువాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. ‘మేస్త్రీ బువ్వ మేడమే తిన్నది’ అని ఎవరో అన్నది నా చెవిన పడింది. క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల ఖాళీ అయ్యేది. మళ్ళీ నా వెనక పాత పేరే వినిపించింది. ఒంటరితనం నాకు కొత్త కాదు. ఆ ముందటిది మాత్రం ఎవరూ రాని ఒంటరితనం, ఇది ఉన్న ఒక్క మనిషినీ నేనే పంపించేశాక మిగిలింది. రెండోది బరువు ఎక్కువ.

ప్రతి షట్‌డౌన్‌కూ మందం కొలిచే మీటరు పట్టుకుని ఆ గోడ దగ్గరికి వెళ్ళేదాన్ని. పూత అలాగే ఉండేది. అది చూసి సంతోషించేది నేనొక్కదాన్నే. మంట ఆరితే తప్ప ఎవరికీ కనబడని గోడ, మంట ఆరినప్పుడు దాని వైపు చూసే తీరిక ఎవరికీ ఉండదు. మేస్త్రీ నంబరు నా ఫోన్‌లో ఉంది. ఎన్నోసార్లు తీశాను. ‘మీ గోడ బాగుంది’ అని చెప్పడానికి ఆయన ఉద్యోగం తీయించిన మనిషి ఫోన్ చేస్తే ఏం బాగుంటుంది? నొక్కలేదు.

నేను రిటైరై ఖమ్మంలో కిరాయి ఇంట్లో దిగాను. కొంతకాలానికి ప్లాంటు మూసేశారు. గిట్టుబాటు కాలేదట. బాయిలర్లను తుక్కు కింద అమ్మేశారు. ఏ గొట్టం ఏ లోహమో చూపించడానికి పాత మనిషి కావాలని నన్ను పిలిచారు. వెళ్ళి, గ్యాస్ కట్టర్లతో అన్నీ కోస్తుంటే నిలబడి చూశాను. తిరిగి వచ్చాక ఇక ఆగలేకపోయాను. రైలెక్కి బోనకల్‌లో దిగి, దారి అడుగుతూ వెళ్ళాను.

రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ట్రాక్టర్ ట్రాలీ కింద పడుకుని వెల్డింగ్ చేస్తున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. బయటికి వచ్చి, నల్ల అద్దాలు పైకెత్తి, ఒక క్షణం చూశాడు.

“మేడం! మీరా? కూసోండ్రి, కూసోండ్రి. చాయ్ తాగుతరా?”

కుర్చీ తుడిచి వేశాడు. నేను దారి పొడవునా అల్లుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. క్షమించమని అడగాలా, అడిగితే నిజం చెప్పడం తప్పని ఒప్పుకున్నట్టా? చాయ్ వచ్చింది. ఇద్దరం తాగాం. ఆరోగ్యం ఎట్లుందని ఆయన అడగలేదు, ఎందుకు వచ్చానని అడగలేదు. గ్లాసు కింద పెట్టి అన్నాడు.

“మిగతా గోడ ఎట్లుంది మేడం?”

ఇన్నేళ్ళూ ఆయన మనసులో ఉన్నది ఆ ఒక్క ప్రశ్నేనని గొంతు వింటేనే తెలిసింది. ‘బాగుంది’ అనొచ్చు. బోనకల్‌లో ఉన్న మనిషికి ఎవరు చెబుతారు? కానీ ఆయనకు నేను అబద్ధం చెప్పి ఎరగను.

“కోసేశారు మేస్త్రీ. ప్లాంటే లేదు. తుక్కు కింద అమ్మేశారు.”

ఆయన తల ఊపాడు. షెడ్డు అవతల రోడ్డు వైపు ముఖం తిప్పుకున్నాడు.

“కోసేటప్పుడు నేను అక్కడే ఉన్నాను,” అన్నాను. “బయటి ఇనుమంతా చకచకా కోసుకుంటూ వచ్చారు. మన గోడ దగ్గర కట్టర్ ఆగిపోయింది. పూతకు ఆ మంట ఆనలేదు. నిప్పురవ్వలు తిరిగి వాళ్ళ మీదికే చిమ్మాయి. రెండుమూడు చోట్ల చూశారు, కాలేదు. చివరికి గోడ వెనక్కి పోయి, పూత లేని వైపు నుంచి కోసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు కట్టర్ కింద పడేసి హిందీలో ఒకటే తిట్లు, ‘ఏ పిచ్చోడు కొట్టిండురా ఈ కోటింగు, ప్రాణం తీస్తున్నది’ అని.”

మేస్త్రీ నా వైపు తిరిగాడు. నల్ల అద్దాలు నెత్తి మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

“ఏమని తిట్టిండు మేడం? మళ్ళొకసారి చెప్పుండ్రి.”

మళ్ళీ చెప్పాను. ఆయన లేచి షెడ్డు వెనక ఇంట్లోకి కేకేశాడు. “ఓయ్, ఇటు రా జల్దీ! మేడం వచ్చింది. నా కోటింగు గురించి చెప్తున్నది, ఇందువు గాని రా.”

ఆయన భార్య తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. నేను కుర్చీలోంచి లేచి, కట్టర్ విసిరేసినట్టు చెయ్యి విసిరి, ఆ మనిషి తిట్టినట్టే హిందీలో మొదటి నుంచీ తిట్టి చూపించాను.